కొమ్ముదీర్ఘం

సెప్టెంబరు 2, సోమవారం

స్కూలు గోడ పని అయింది. సున్నం ఆరిందో లేదో వేలితో చూసుకుని, దారానికి సుద్దపొడి పట్టించి పైన ఒక గీత, కింద ఒక గీత కొట్టి, మధ్యలో అక్షరాలు కూర్చోబెట్టాను. "ఈ గోడపై రాయరాదు." అంతే వాక్యం. రోడ్డు అవతల నిలబడి చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

మొన్నటిదాకా అక్కడ ఎవడో స్ప్రే డబ్బాతో కొట్టిన నీలం చేప ఉండేది. గోడంత చేప. కన్ను బాగా వేశాడు, ఒప్పుకుంటాను. అయినా అడక్కుండా వేస్తే అది బొమ్మ కాదు, బరితెగింపు.

సున్నం సారు వచ్చి చూసి వెళ్ళారు. నగర శుభ్రత ఆఫీసులో ఆయన హోదా ఏమిటో పెద్ద బోర్డే ఉంది, దాన్ని రాసింది కూడా నేనే. కానీ ఊళ్ళో ఎక్కడ రంగు కనిపిస్తే అక్కడ సున్నం కొట్టిస్తారు కాబట్టి నేను పెట్టుకున్న పేరు ఇది. బాగుందని అనలేదు. ఈ గోడ కుదిరితే మిగతా గోడలన్నిటికీ మీ చేతే రాయిస్తాం, లేదంటే మెషీన్లో కోసిన రేకులు తెప్పించి బిగిస్తాం అన్నారు.

మెషీను రేకులు! ద కి కొమ్ము ఎక్కడ తగిలించాలో మెషీనుకి ఎవడు నేర్పాడు? మా నాన్న చేతికింద కుంచె పట్టిన నాటి నుంచి ఇప్పటిదాకా నా బోర్డు మీద ఒక్క అక్షరదోషం లేదు. ఒక్కటంటే ఒక్కటి. నాకున్న ఆస్తి అదే. ఈ ఊరి గోడలన్నీ నావే కావాలి, అవుతాయి.


సెప్టెంబరు 3, మంగళవారం

అత్తగారు రోజూ పొద్దున వాకింగ్‌కి ఆ గోడ పక్కనుంచే వెళ్తారు. ఆ స్కూల్లోనే ఒకటో తరగతి చెప్పి చెప్పి రిటైరయ్యారు. గోడ చూశారా అని నేను అడగలేదు, చూశానని ఆవిడ చెప్పలేదు. మా ఇద్దరికీ ఇదొక అలవాటు.

భోజనాల దగ్గర బయటపడింది. "గోడ మీద రాయకూడదని గోడ మీదే రాశావా?" అన్నారు.

నాకు ఆర్డరుంది అన్నాను. అయితే ఆ చేప వేసినవాడికీ నీకూ ఆర్డరొక్కటేనా తేడా అని అడిగారు. అవును, అదే తేడా, ఆ తేడా చాలు అన్నాను. మా ఆయన మధ్యలో దూరి ఆ చేప నిజంగా కళే అన్నాడు. సిటీ బస్సు నడిపే మనిషికి గోడలన్నీ కళే, దాటుకుంటూ పోవడమేగా, ఆగి తుడిచే పని లేదుగా.

దర్జీ సంగతి ఎత్తాను. మూల మీద దర్జీ కొట్టు షట్టరుకి నేను కత్తెర బొమ్మ వేసి, పేరు రాసి, పసుపు అంచు తీసి ఇస్తే, మర్నాటికల్లా దాని మీద ఎవడో అడ్డదిడ్డంగా నల్లగీతలు కొట్టిపోయాడు. ఆయన కొట్టు తెరవకుండా షట్టరు ముందు కూర్చున్నాడు, కళ్ళనిండా నీళ్ళు. దాన్ని కూడా కళ అనండి చూద్దాం అన్నాను. మా ఆయన పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

ఆ తర్వాత అత్తగారు "ఆ ఫ్యాను కాస్త వెయ్యరాదూ" అన్నారు. ఆవిడ ఆజ్ఞలన్నీ ఇలాగే ఉంటాయి. మంచినీళ్ళు ఇవ్వరాదూ, ఇంకాస్త తినరాదూ, ఆ తలుపు దగ్గరికి వెయ్యరాదూ. వినేవాళ్ళకి బతిమాలినట్టుంటుంది, కాదనడం మాత్రం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. ఒకటో తరగతిని కూడా అలాగే ఆడించి ఉంటారు.

ఫ్యాను వేశాను.


సెప్టెంబరు 5, గురువారం

ఘోరం జరిగింది.

మధ్యాహ్నం ట్రిప్పు మధ్యలో మా ఆయన ఫోన్ చేశాడు. "ఏమిటే, వద్దంటూనే జనాన్ని రాయమని పిలుస్తున్నావు?" అని నవ్వుతున్నాడు. ఏదో వేళాకోళం అనుకున్నాను. వెళ్ళి చూశాను.

నా దు కి ఎవరో దీర్ఘం పెట్టారు. కొమ్ము ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకుండా ఇంకొక్క గీత కుడిపక్కకి సాగి, తోక పైకి లేచింది. "రాయరాదు" కాస్తా "రాయరాదూ" అయి కూర్చుంది. ఈ గోడపై రాయరాదూ. వద్దన్న మాట పోయి, రాస్తే నీ సొమ్మేం పోయిందన్నట్టు తయారైంది. ఎనిమిది అక్షరాలు నేను ఒళ్ళు వంచి రాస్తే, ఎవడో ఒక్క గీతతో నా మాటని నా మీదికే తిప్పాడు.

కింద బలపంతో, చిన్నగా, ఎవరో "సరే" అని రాశారు.

దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఆధారం కోసం.


సెప్టెంబరు 6, శుక్రవారం

సున్నం సారు పిలిపించారు. ఫొటో చూపించి, అక్షరదోషం చేశారేమిటమ్మా అన్నారు. అక్షరదోషం! నేను పెట్టిన దీర్ఘం కాదు అన్నాను. రంగు మీదేగా అన్నారు. నిజానికి రంగు నాదే. ఎండకి నలుపు వెలిసి గోధుమరంగుకి తిరగకుండా నేను అందులో ఒక చెంచాడు నీలం కలుపుతాను. ఆ తోకలోనూ ఆ నీలం ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను కాబట్టి నాకు తెలుసు. ఆయనకి చెప్పలేదు.

రెండే దార్లన్నారు. తప్పు నాదైతే నాదేనని రాసిచ్చెయ్యాలి, మిగతా గోడలకి రేకులు వస్తాయి. ఎవరో పాడు చేశారంటే ఫిర్యాదు ఇవ్వాలి, ఎదురుగా మందుల షాపు కెమెరా ఉంది, పోలీసులు అది చూసి మనిషిని పట్టుకుంటారు. సోమవారం కాదు, పై సోమవారం లోపు తేల్చమన్నారు.

తేలుస్తాను. వాణ్ణి నేనే పట్టుకుంటాను. వాడి చేతే ఆ తోక గీకిస్తాను.


సెప్టెంబరు 8, ఆదివారం

పెరట్లో రేకుల షెడ్డు సర్దాను. నల్లరంగు డబ్బా మూత వదులుగా ఉంది. నేను మూత మీద గుడ్డ వేసి, సుత్తితో చుట్టూ నాలుగు దెబ్బలు వేసి గాని వదలను. చదును కుంచె శుభ్రంగా కడిగి ఉంది, కానీ తలకిందులుగా, వెంట్రుకలు కిందికి పెట్టి ఉంది. అలా పెడితే వంగిపోతాయి. నేనలా పెట్టను.

మా ఆయన గేటు గడియకి రంగు పూసి ఉంటాడు. అడిగితే లేదన్నాడు. మర్చిపోయి ఉంటాడు. ఆయన మతిమరుపు సంగతి కొత్తగా చెప్పేదేముంది.


సెప్టెంబరు 9, సోమవారం

గోడ దగ్గర కాపలా కాశాను, పనిలో పనిగా. ఎవరూ దొరకలేదు. "సరే" కింద ఇంకో చేతిరాత: "ఏం రాయమంటారు?" దాని పక్కన ఇంకెవరో: "ఏదైనా."

ఇంకా కింద: "చిన్న ఇల్లు అద్దెకు కావాలి. పిల్లి ఉంది. కరవదు."

అది చదివి నవ్వొచ్చింది. కోపంలో కూడా ఒక్కోసారి నవ్వొస్తుంది, దానికి అర్థమేమీ లేదు.


సెప్టెంబరు 10, మంగళవారం

మళ్ళీ వెళ్ళాను. గీకేవాడు గీకిన చోటికి మళ్ళీ వస్తాడని అంటారుగా, అందుకు.

గోడ సగం నిండింది. బలపం, బొగ్గు, ఒకచోట పెదాల రంగు. ఎవరి అమ్మకో జ్వరం తగ్గిందట. ఎవరో పదకొండో ఎక్కం రాసి మధ్యలో తప్పారు. కళ్ళజోడు దొరికింది, మందుల షాపులో ఇచ్చాను అని ఒకరు. ఒక బొమ్మ కూడా ఉంది, ఆ నీలం చేపే, కాకపోతే అరచేతిలో పట్టేంత, బొగ్గుతో. మళ్ళీ వచ్చాడన్నమాట.

విచిత్రమేమిటంటే ఎవరో తప్పులు దిద్దుతున్నారు. ఎక్కంలో తప్పిన చోట గుండ్రంగా చుట్టి పక్కన సరైనది వేశారు. "కళ్ళజోడు"లో ఒత్తు మర్చిపోతే ఒత్తు పెట్టారు. బాగా రాసినవాటి పక్కన టిక్కు. జ్వరం తగ్గినదాని పక్కన కూడా టిక్కు.

పోకిరీవెధవకి ఇంత చదువెక్కడిదో.


సెప్టెంబరు 11, బుధవారం

రంగుల కొట్టతన్ని అడిగాను, నలుపులో నీలం కలిపి ఎవరైనా పట్టుకెళ్తున్నారా అని. ఆ పిచ్చి నీకొక్కదానికే అన్నాడు. నా గుట్టు ఎవరో కనిపెట్టి ఉండాలి. రాసేవాళ్ళలో నా మీద కుళ్ళు ఉన్నవాళ్ళు తక్కువా?

ఎవరున్నారు అని ఆలోచిస్తే, రాసేవాళ్ళే ఎవరూ మిగల్లేదు. అందరూ ప్రింటింగులోకి వెళ్ళిపోయారు.


సెప్టెంబరు 12, గురువారం

అత్తగారు మంచం మీద పడుకుని, "ఆ ఫ్యాను వెయ్యరాదూ" అన్నారు.

వేశాను. స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది, ఎంతసేపో తెలియదు. ఏమైందే అని ఆవిడే అడిగారు. ఏమీ లేదన్నాను.


సెప్టెంబరు 13, శుక్రవారం

ఇవాళ గోడకి వెళ్ళలేదు. పని ఉండింది.

పనేమీ లేదు.


సెప్టెంబరు 14, శనివారం

అడిగేశాను.

మా ఆయన డ్యూటీకి వెళ్ళాక, అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కుడిచేతి చూపుడువేలి గోటి పక్కన నల్లగా సన్నటి గీత ఉంది. ఎన్ని రోజులనుంచి ఉందో, నేను ఎన్ని రోజులనుంచి చూసి చూడనట్టు ఉన్నానో.

"అత్తయ్యా, గోడ మీద దీర్ఘం మీరేనా?"

"అమ్మయ్య, అడిగావు. ఇన్నాళ్ళు పట్టిందేమిటే నీకు?" అన్నారు, తలెత్తకుండానే.

నిలదీద్దామని వెళ్ళినదాన్ని, నేనే తెల్లబోయాను. దాచుకున్న మనిషి కాదు. అడిగితే చెబుదామని కూర్చుని ఉన్నారు. ముందుగా నాకో మాట చెప్పొచ్చుగా అంటే, చెబితే వద్దంటావుగా అన్నారు. వద్దనక మరేమంటాను అంటే, అందుకే చెప్పలేదన్నారు. ఈ మనిషితో ఎవరు వాదించగలరు?

తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పిల్లలకి సరిపడా పలకలు ఉండేవి కావట. అందర్నీ వరసగా బయటికి తీసుకొచ్చి ఆ గోడ ముందు నిలబెట్టేవారట. ఒక్కొక్కరికి మూరెడు గోడ, ఒక బొగ్గుముక్క. గంట కొట్టే ముందు బకెట్లతో నీళ్ళు చల్లి కడిగించేవారట. పలకలు వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదట, పిల్లలకి గోడంటేనే ఇష్టమట. ఆ వీధిలో ఎంతమంది మొదటి అక్షరం ఆ గోడ మీద రాశారో లెక్కలేదు అన్నారు.

"అలాంటి గోడ మీద రాయరాదని నా కోడలే రాసింది. అది చూసుకుంటూ రోజూ వాకింగ్‌కి వెళ్ళాలా నేను?"

మరి దర్జీ షట్టరు మాటేమిటి అన్నాను. దాని మీద గీకినవాడికీ ఏదో ఒక కథ ఉండే ఉంటుంది, వాడూ అలాగే అంటాడు అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆ షట్టరు మీద నేను చచ్చినా రాయను, అది ఆయన తిండి అన్నారు. అంతకన్నా తేడా నాకూ చెప్పడం రాదు అన్నారు. మొదటిసారి ఆవిడ నోట రాదు అనే మాట దీర్ఘం లేకుండా విన్నాను.

అప్పుడు నా కడుపుమంట చెప్పాను. నా పేరు పోతోంది అత్తయ్యా, ఇన్నేళ్ళలో ఒక్క తప్పు లేనిదాన్ని, ఆ ఆఫీసులో నన్ను దోషం రాసేదానిగా చూస్తున్నారు అన్నాను.

"తప్పెక్కడుంది అందులో? పైకి చదివి చూడు. దీర్ఘం పెట్టాక కూడా తప్పు లేదు" అన్నారు.

లేచి వచ్చేశాను. గదిలో తలుపేసుకుని ఏడ్చాను. కోపంతో. ఒక్క కోపంతోనే.


సెప్టెంబరు 15, ఆదివారం

రేపు ఆఖరి రోజు. ఫిర్యాదు ఇస్తే కెమెరా చూస్తారు. చూస్తే ఏముంటుంది? తెల్లచీర, వాకింగ్ బూట్లు, చేతిలో నా డబ్బా. డెబ్బై దాటిన మనిషిని స్టేషన్లో బల్ల మీద కూర్చోబెడతారు. ఆవిడ ఊరుకుంటారా, అక్కడి బోర్డులో తప్పులు దిద్దడం మొదలుపెడతారు.

మా ఆయనకి చెప్పాను. ముందు నమ్మలేదు, తర్వాత పగలబడి నవ్వాడు, ఆ తర్వాత నా మొహం చూసి ఆపేశాడు. నీ ఇష్టం, నువ్వేం చేసినా నేను ఏమీ అనను అన్నాడు. ఈ మగవాళ్ళ "నీ ఇష్టం" అంత బరువు ఇంకేదీ ఉండదు.

సరే. ఎవరికీ చెప్పేది లేదు. నేనే చూసుకుంటాను.


సెప్టెంబరు 16, సోమవారం

"అక్షరదోషం నా వల్ల జరిగింది" అని రాసిచ్చాను. ఆ వాక్యంలో మాత్రం దోషం లేదు.

సున్నం సారు మంచిగానే మాట్లాడారు. పోనీలెండమ్మా, ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది అన్నారు. తిట్టినా బాగుండేది. మిగతా గోడలకి రేకులు ఆర్డరు చేస్తారట.

దార్లో గోడ దగ్గర ఆగలేదు. ఆటోలోంచి తల తిప్పుకున్నాను.

అత్తగారి కోసం చేశాను కాబట్టి బాధ లేదు. నిజంగానే లేదు.


సెప్టెంబరు 17, మంగళవారం

చెప్పకూడదనుకున్నాను. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, పొద్దున్నే టీ దగ్గర చెప్పేశాడు, నీ కోడలు నీకోసం ఎంత త్యాగం చేసిందో చూడు అని.

నేను తలొంచుకుని కూర్చున్నాను. నిజం రాసుకోవాలంటే, ఆవిడ కళ్ళు చెమరుస్తాయని, దగ్గరికి తీసుకుంటారని, కనీసం ఒక మంచిమాట అంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

గ్లాసు కింద పెట్టేశారు. "నా దీర్ఘాన్ని తప్పని రాసిచ్చావా?" అన్నారు.

ఆ గొంతు నేను పెళ్ళయిన ఇన్నేళ్ళలో వినలేదు. మిమ్మల్ని స్టేషన్‌కి తిప్పకూడదని చేశాను అత్తయ్యా అన్నాను. తిప్పితే తిరిగేదాన్ని, కాళ్ళున్నాయి నాకు అన్నారు. జీవితమంతా దీర్ఘం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్పి బతికాను, ఈ వయసులో ఆఫీసు కాగితం మీద నా దీర్ఘం తప్పని పడిందా అన్నారు. టీ తాగలేదు. మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం ఫ్యాను కూడా వెయ్యమనలేదు, చెమటలు కారుతున్నా.

నేను నా పేరు పోయిందని ఏడుస్తున్నాను. ఆవిడ పేరు కూడా పోగొట్టి వచ్చానని తట్టలేదు.

దోషమన్న మాట నాకెంత మంటో, ఆవిడకీ అంతే మంట. ఒకే ఇంట్లో ఇద్దరం ఇదే జబ్బుతో ఇన్నాళ్ళు బతికామన్నమాట.

రేపు ఆఫీసుకి వెళ్తాం. ఇద్దరమూ. ఆ కాగితం వెనక్కి తీసుకునేదాకా కదిలేది లేదు.


సెప్టెంబరు 18, బుధవారం

అంతా రాసుకోవాలి, ఒక్క ముక్క పోకూడదు.

అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీలో మంచినీళ్ళు పెట్టుకుని తయారయ్యారు, ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తున్నట్టు. సున్నం సారు కుర్చీ చూపించారు. కూర్చోలేదు. ముందు నేను మొదలుపెట్టాను, సార్, మొన్న రాసిచ్చింది అబద్ధం, దోషం నాది కాదు అని. మరెవరిది అన్నారు.

అత్తగారు ముందుకొచ్చారు. "ఆ గీత నాది. పాడు చేశానని రాసుకో నాయనా, సంతకం పెడతాను. తప్పు రాశానని మాత్రం రాయకు."

ఆయనకి అర్థం కాలేదు. రెండిటికీ తేడా ఏమిటమ్మా, ఎలాగైనా గోడ పాడైందిగా అన్నారు. ఒకసారి పైకి చదువు అన్నారు అత్తగారు. ఫొటో తీసి చదివారు. "ఈ గోడపై రాయరాదూ." దీర్ఘం పలికేసరికి ఆయన గొంతు దానంతటదే మెత్తబడింది, అదేదో ఎవరినో బతిమాలుతున్నట్టు. పక్క బల్లల దగ్గర గుమాస్తాలు ఫైళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయనా నవ్వబోయి సర్దుకున్నారు.

ఆ తర్వాత ఆయన అన్న మాట కూడా రాసుకోవాలి, ఎందుకంటే అది తీసిపారేసేది కాదు. రోజూ పొద్దున ఫోన్లు వస్తాయట. మా గోడ మీద ఆడపిల్ల పేరు రాశారు, మా గుమ్మం మీద బూతు రాశారు అని. మీరు రాయమని పిలిస్తే అందరూ మీలాంటివాళ్ళే రారు కదా టీచరుగారూ, రేపు ఆ గోడ మీద ఏదైనా చెత్తమాట పడితే ఎవరిని పిలవను అన్నారు.

పడింది, తుడిచాను, అన్నారు అత్తగారు. నాకు ఆ సంగతి తెలియదు. నేను చూడకముందే తుడిచేశారన్నమాట.

అన్నీ మీరే తుడవగలరా అన్నారు ఆయన. అత్తగారు సంచీలోంచి నీళ్ళు తీసి తాగారు. ఆవిడకి జవాబు దొరకని ప్రశ్న నేను చూడడం ఇది రెండోసారి, రెండుసార్లూ ఆవిడ దొరికినట్టు నటించలేదు.

చివరికి ఆయన నా కాగితం చింపేశారు. దోషమూ లేదు, ఫిర్యాదూ లేదు. గోడంతా మళ్ళీ సున్నం కొట్టిస్తారు, అదే వాక్యం మళ్ళీ నేనే రాయాలి. నెల్లాళ్ళపాటు ఆ గోడ మీద ఇంకొక గీత పడకుండా ఉంటే రేకులు మానేసి ఊళ్ళో గోడలన్నీ నాకే ఇస్తారట. గీత పడిందా, ఇక ఈ ఆఫీసు మెట్లెక్కొద్దు అన్నారు. పడదు సార్ అన్నాను. గట్టిగానే అన్నాను.

అత్తగారు నా వైపు చూడలేదు. ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, గతుకుల రోడ్డు కాబట్టి.


సెప్టెంబరు 20, శుక్రవారం

సున్నం కొడుతుంటే వెళ్ళాను. నేను వెళ్ళవలసిన పని లేదు. ఎలా కొడుతున్నారో చూడాలిగా.

ఎక్కం పోయింది. కరవని పిల్లి పోయింది. అరచేతి చేప పోయింది, దాని కన్ను మాత్రం మొదటి పూతలో ఇంకా కనిపించింది, రెండో పూతకి అదీ పోయింది. అమ్మ జ్వరం, పక్కన టిక్కు. చివరికి "సరే" మిగిలింది, కాస్త కింద ఉంది కదా, కూలీ వంగడానికి బద్ధకించాడు. తర్వాత దానిమీదా బ్రష్ పడింది.

కొట్టనివ్వండి, ఆరనివ్వండి, తెల్లగోడ తెల్లగానే ఉండాలి అనేదాన్ని నేను. ఇవాళ మాత్రం కూలీ చేతిలో బ్రష్ వంకే చూస్తూ నిలబడ్డాను.

ఎన్ని రాశాను నేను. ఇక్కడ నిలపరాదు, లోనికి అనుమతి లేదు, చెప్పులు బయట విడువుము, ముందుకు చూసి నడుపుము. ఎవరో చెప్పినది ఇంకెవరికో చెప్పడమేగా. ఇన్నేళ్ళలో నేను రాసినదానికి ఒక్కరు తిరిగి మాట చెప్పారా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరో సరే అన్నారు. అది నేను రాసిన వాక్యానికి కూడా కాదు, అత్తగారి తోకకి.

ఫొటో ఉంది. ఆధారం కోసమని తీశాను అనుకున్నాను.


సెప్టెంబరు 21, శనివారం

దారం కొట్టాను. పైగీత, కిందిగీత. గోడ నిడివి కొలిచి, వాక్యం నిడివి కొలిచి, మిగిలినదాన్ని అటూ ఇటూ సమంగా పంచాలి. మా నాన్న నాకు మొట్టమొదట నేర్పింది అదే, అక్షరం కన్నా ముందు.

నేను పంచలేదు. "ఈ" అనే అక్షరాన్ని మామూలు కన్నా జానెడు ఎడంపక్కకి జరిపి మొదలుపెట్టాను. గో, డ, పై. కొంచెం విడిచి, రా, య, రా. దు రాసి, కొమ్ముని ఎక్కడ ఆపాలో అక్కడ కచ్చితంగా ఆపాను. నా జన్మలో అంత మంచి కొమ్ము రాయలేదు. దాని తర్వాత జానెడు తెల్లగోడ.

సున్నం సారు వచ్చి, తలని ఒకపక్కకి వంచి చూశారు. వాక్యం ఎడమకి ఒరిగినట్టుందేమిటమ్మా అన్నారు. గోడే కాస్త వంకర సార్ అన్నాను. అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకున్నారు. ఈసారి తప్పు లేదు అన్నారు.

లేదు సార్, అసలు ఎప్పుడూ లేదు అన్నాను.

రెండు గోడల దూరంలో అత్తగారు ఆగి చూస్తున్నారు, కర్ర మీద చెయ్యి ఆన్చి. నా వాక్యం మొత్తం ఒకసారి చదివారు, పెదాలు కదిలాయి. దు దగ్గరికి వచ్చాక చూపు ఇంకాస్త కుడిపక్కకి జరిగి, ఆ ఖాళీ దగ్గర ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది. నన్ను ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా ఇద్దరికీ ఇదొక అలవాటు.

నెల్లాళ్ళు ఆగితే ఊళ్ళో గోడలన్నీ నావి. తెలుసు నాకు. తెలియక చేస్తున్న పని కాదు ఇది. గోడలన్నిటి మీదా వద్దు వద్దు అని రాసుకుంటూ తిరగడమా, ఒక్క గోడ మీద ఒక్కసారి రమ్మనడమా అంటే, ఇవాళ పొద్దున కుంచె ముంచేటప్పుడే నా చెయ్యి తేల్చేసింది. అయినా దర్జీ షట్టరు మీద మళ్ళీ ఎవడైనా చెయ్యి వేస్తే మాత్రం నేను వదలను. అదీ తేలే ఉంది.

సాయంత్రం షెడ్డులో సామాను సర్దాను. చదును కుంచె కడిగి, వెంట్రుకలు పైకి వచ్చేలా నిలబెట్టాను. నల్లరంగు డబ్బా మీద మూత పెట్టాను. గుడ్డ వెయ్యలేదు, సుత్తి తీయలేదు.

భోజనాలయ్యాక అత్తగారు ఫ్యాను వెయ్యమన్నారు, వేశాను. వెనక్కి తిరుగుతుంటే పిలిచారు.

"రేపు పొద్దున వాకింగ్‌కి నువ్వూ రారాదూ" అన్నారు.

సరే అన్నాను.